వాగులో ఆకులు త్వరగా కుళ్ళిపోతున్నాయా? వల సంచులు పెట్టి చూసినవాళ్ళు చెప్పండి

ఆకుసంచి:
అందరికీ నమస్కారం. నేను చూస్తున్నది ఉష్ణమండల అడవిలో ఒక చిన్న వాగు. పైన కొమ్మలు కమ్ముకుని ఉంటాయి, మిట్టమధ్యాహ్నం కూడా నీడే. మూడేళ్ళుగా ఒకే జాతి చెట్టు రాలిన ఆకులు ఏరి, ఆరబెట్టి, సంచికి 5 గ్రాముల చొప్పున నైలాన్ వల సంచుల్లో వేసి, రాళ్ళకు కట్టి ముంచుతున్నాను. 28 రోజులకు తీసి, కడిగి, ఎండబెట్టి తూస్తాను. మొదటి ఏడు సగం మిగిలింది. ఈసారి సగటున 0.9 గ్రాములు! ఈనెలు తప్ప ఇంకేం లేవు. నీళ్ళ వేడిని నమోదు చేసే లాగర్ లెక్క ప్రకారం నీళ్ళు మొదటి ఏటికంటే 1.5 డిగ్రీలు వెచ్చగా ఉన్నాయి. వాతావరణ మార్పు వల్లే అని రాసేయొచ్చా? మీ వాగుల్లో ఏం చూశారు?

సన్నజల్లెడ:
ఆగండాగండి. మీ అంకెలతో లెక్క వేస్తే కుళ్ళే వేగం దాదాపు రెండున్నర రెట్లయింది. 1.5 డిగ్రీలకు అంత రాదు. 2017లో ప్రపంచమంతటి వాగుల లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. నీళ్ళు 1 నుంచి 4 డిగ్రీలు వేడెక్కితే ఆకు కరిగే వేగం 5 నుంచి 21 శాతం పెరగొచ్చని తేలింది. వేడితో జీవుల పని ఎంత వేగం పుంజుకుంటుందో చెప్పే జీవక్రియల సిద్ధాంతం ప్రకారమైతే 10 నుంచి 45 శాతం పెరగాలి, అందులో దాదాపు సగమే అన్నమాట. మీ 1.5 డిగ్రీలకు పది శాతం లోపే పెట్టుకోండి. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? వల కన్ను ఎంత? మధ్యలో వరద వచ్చిందా?

ఆకుసంచి:
వల కన్ను 10 మిల్లీమీటర్లు. వరద సంగతి నోట్‌బుక్ చూసి చెప్తాను.

వానచినుకు:
నాకైతే వరద మీదే అనుమానం. నా పన్నెండు సంచుల్లో ఐదు ఒక్క రాత్రిలో పోయాయి. ఒకటి చాలా దూరం కొట్టుకుపోయి వేళ్ళ మధ్య ఇరుక్కుంది. దొరికినవాటిలో ఆకుల కంటే ఇసుకే ఎక్కువ. ఆ ఇసుక ఆకును గీకేస్తుంది, అంటే బరువు పోయింది గానీ అది కుళ్ళడం వల్ల కాదు. ఇంకో తమాషా: ఆకులకు అంటుకున్న ఒండ్రు బరువు పెంచేస్తుంది కూడా. అందుకే ఇప్పుడు ఎండిన ఆకును పొడి చేసి కొంచెం తీసి ఫర్నేస్‌లో 500 డిగ్రీల దగ్గర కాల్చి, మిగిలిన బూడిద బరువు తీసేస్తున్నాను. బూడిద తీయకుండా తూచిన పాత అంకెలన్నీ చెత్తబుట్టలో వేసుకున్నాను, ఒక ఏడాది పని!

నురగ:
మీరంతా త్రాసు గురించే మాట్లాడుతున్నారు, తినేవాళ్ళ గురించి కూడా చూడండి. చిన్న జలపాతం కింద సుడి తిరిగే చోట తేలే గోధుమరంగు నురగను ఒక చుక్క తీసి మైక్రోస్కోపులో పెట్టండి. నాలుగు చేతులు చాచిన సిద్ధబీజాలు కనిపిస్తాయి. నీళ్ళలో ఆకును పట్టుకోవడానికి ఆ ఆకారం, లంగరులాగా. 1942లో ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వివరంగా వర్ణించిన శిలీంధ్రాలివే. ఆకు వాగులో పడిన ఒకటి రెండు రోజుల్లో టీ డికాక్షన్‌లాగా అందులోని కరిగే పదార్థం కారిపోతుంది, బరువులో పావు వంతు దాకా అప్పుడే పోవచ్చు. ఆ తర్వాత ఈ శిలీంధ్రాలు లోపలికి దూరి ఆకును మెత్తబరుస్తాయి. అప్పుడే పురుగులకు రుచి. శిలీంధ్రం పట్టని గట్టి ఆకును అవి పెద్దగా ముట్టవు.

పీతలగుంట:
పురుగులంటే గుర్తొచ్చింది. ఉష్ణమండలంలో ఆకు కొరికే పురుగులు తక్కువ అని పుస్తకాల్లో చదివి, నేను పెద్ద కన్ను సంచులు అవసరం లేదనుకున్నాను. వారం తర్వాత వెళ్ళి చూస్తే రెండు సంచులకు కత్తెరతో కత్తిరించినట్టు రంధ్రాలు, లోపల ఆకు లేదు. రాత్రి టార్చ్ వేసి కూర్చుంటే తెలిసింది, పీత! మూడో సంచి పక్కనే కూర్చుని ఒక డెక్కతో పట్టుకుని రెండో డెక్కతో చీలుస్తోంది. మనల్ని చూసి కూడా కదలదు. పురుగులు తక్కువైతే వాటి పని కొన్నిచోట్ల పీతలు, రొయ్యలు చేస్తాయి. కరీబియన్ దీవి ప్యూర్టోరికో కొండవాగుల్లో ఆకు చీల్చే రొయ్యలే అసలు మేస్త్రీలు.

సన్నజల్లెడ:
అందుకే వల కన్ను అడిగాను. 10 మిల్లీమీటర్ల సంచిలోకి అన్నీ దూరతాయి. అర మిల్లీమీటరు సంచిలోకి శిలీంధ్రాలు, బ్యాక్టీరియా తప్ప పెద్ద పురుగు దూరదు. రెండూ పక్కపక్కన పెడితేనే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో ఇదే పని ఆరు ఖండాల్లో, 22 వాగుల్లో చేశారు. అన్నిచోట్లా ఒకే ఆకు, ఆల్డర్ అనే చెట్టుది. వెచ్చని చోట సూక్ష్మజీవుల పని పెరిగింది, పురుగుల పని తగ్గింది. మొత్తం వేగం మాత్రం పెద్దగా మారలేదు. ఒకటి పెరిగి ఒకటి తగ్గి సరిపోయింది.

రాతినాచు:
మొత్తం మారకపోతే మరి టెన్షన్ ఎందుకు? సూక్ష్మజీవి తింటే ఏంటి, పురుగు తింటే ఏంటి, ఆకు పోతుంది కదా.

నురగ:
తేడా ఉందండీ. సూక్ష్మజీవి ఆకును తిని శ్వాసిస్తే అందులోని కార్బన్‌లో పెద్ద వాటా కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. పురుగు తింటే కొంత దాని ఒంట్లో చేరుతుంది, కొంత పొడి పొడి తునకలుగా, పెంటికలుగా కింది నీళ్ళకు వెళ్తుంది. ఆ తునకలను దిగువ మడుగుల్లో వలలు అల్లుకుని వడగట్టుకునే పురుగులు, ఒండ్రులో మేసే పురుగులు తింటాయి. వాటిని చేపలు తింటాయి. కొంత ఒండ్రులో పూడి చాలా కాలం అక్కడే ఉండిపోతుంది కూడా. వెచ్చదనం వల్ల పని పురుగు చేతిలోంచి శిలీంధ్రం చేతిలోకి మారితే దిగువకు చేరాల్సిన మేత పైనే గాలిలో కలిసిపోతుంది. మీ త్రాసుకు ఇదేదీ కనిపించదు.

రాతినాచు:
ఇది బాగా చెప్పారు, ఒప్పుకుంటున్నాను. కానీ పురుగులు ఎందుకు తగ్గుతాయి? ఉష్ణమండలంలో పుట్టినవాటికి వేడి కొత్తా?

సన్నజల్లెడ:
కొత్త కాదు, కానీ అవి అంచుల్లో బతుకుతుంటాయి. నీళ్ళు ఎంత వెచ్చబడితే ఆక్సిజన్ అంత తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 డిగ్రీల దగ్గర 7.6కు దిగుతాయి. అదే సమయంలో పురుగుకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఏడాది పొడుగునా వేడి పెద్దగా మారని చోట పెరిగిన జీవికి తట్టుకునే ఖాళీ తక్కువ. పై ఎత్తుల్లో చల్లని వాగులకు ఎక్కాలంటే కొండ కూడా ఉండాలి కదా.

ఎండువాగు:
నా అనుభవం వేరు. మా వాగు ఇప్పుడు ఎండాకాలంలో మడుగులు మడుగులుగా విడిపోతోంది. ఆకులన్నీ పొడి బండల మీద పోగవుతాయి. ఎండలో పెళుసవుతాయి గానీ కుళ్ళవు. మొదటి వాన పడగానే అంతా ఒక్కసారి తడుస్తుంది. ఆ పూట వాగు దగ్గరికి వెళ్తే నీళ్ళు గట్టి డికాక్షన్ రంగులో, ఘాటైన వాసనతో ఉంటాయి. మడుగు అడుగున ఆక్సిజన్ మీటర్ దాదాపు సున్నా చూపించింది, రొయ్యలు ఒడ్డుకు ఎగబాకుతున్నాయి. 2018లో 22 దేశాల్లో 212 ఎండువాగుల అడుగు నుంచి ఆకులు తెచ్చి తడిపి చూశారు, తడిసిన వెంటనే కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా బయటికి వచ్చింది. నెలకోసారి సంచులు తీసే మనకు ఈ రెండు మూడు రోజుల కథ అసలు దొరకదు.

వానచినుకు:
గాలివానలు కూడా లెక్కలోకి తెచ్చుకోండి. ప్యూర్టోరికోలో 1989 హ్యూగో, 2017 మరియా తుఫాన్లు లుకియో అడవిలో పచ్చి ఆకులను దులిపేశాయి. చెట్టు మామూలుగా ఆకును వదిలే ముందు అందులోని నత్రజనిని వెనక్కి లాక్కుంటుంది. తుఫాను దులిపిన ఆకులో అది అలాగే ఉంటుంది, కాబట్టి అది కుళ్ళే తీరు వేరు. మీరు ఆకులు ఏరింది గాలివాన తర్వాత కాదు కదా ఆకుసంచి గారూ? మూడేళ్ళూ ఒకే జాతి అన్నంత మాత్రాన ఒకే ఆకు కాదు. కరువు ఏట ఆకు మందంగా, గట్టిగా వస్తుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకులో నత్రజని సాధారణంగా తగ్గుతుంది. వెచ్చదనం ఒక పక్క లాగితే ఆకు గట్టిదనం ఇంకో పక్క లాగుతుంది.

ఆకుసంచి:
నోట్‌బుక్ చూశాను. సిగ్గుగా ఉంది. ఈ ఏడు 19వ రోజున "రాత్రంతా వాన, ఉదయం నీళ్ళు మోకాలి పైకి" అని నా చేత్తోనే రాసి ఉంది. ఆకులు గాలివానకు ముందే ఏరాను, అది ఒక్కటి బతికింది. దాచిన ఈనెలను మళ్ళీ లెన్స్ కింద పెట్టాను. కొన్నింటి అంచులు చిరిగి గీతలుగా ఉన్నాయి, కొన్నింట్లో గుండ్రంగా కొరికిన గుర్తులున్నాయి. ఒక సంచి మూల రెండు ఆకు ముక్కలు చాపలా అతికించుకున్న చిన్న గూడు దొరికింది, లోపల క్యాడిస్ పురుగు (నీళ్ళలో ఇలా గూడు కట్టుకునే లార్వా) ఎండిపోయి ఉంది. కడిగేటప్పుడు దాన్ని చెత్త అనుకున్నాను.

పీతలగుంట:
ఆ గూడు పారేయకండి. సంచి కడిగిన నీళ్ళు కూడా పారేయకండి, సన్న జల్లెడలో వడగట్టి సీసాలో పోసుకోండి. పురుగులను ఎంచకుండా బరువు చెప్తే సగం కథే.

ఆకుసంచి:
మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. ఈసారి అర మిల్లీమీటరు, 10 మిల్లీమీటర్ల సంచులు జతలుగా పెట్టాను, ఒక లాగర్ ఎండ పడే మడుగులో, ఇంకోటి నీడలో. నిన్న మొదటి జత తీశాను. పెద్ద కన్ను సంచిలో ఆకు చిల్లులు పడి అల్లికలా ఉంది, ఆరు పురుగులు. పక్కనే ఉన్న సన్న కన్ను సంచిలో ఆకు ఆకారం చెక్కుచెదరలేదు, కానీ వేలితో నొక్కితే మెత్తగా జారిపోయింది. రెండూ ఓవెన్‌లో ఉన్నాయి. బూడిద లెక్క తీశాక అంకెలు ఇక్కడే పెడతాను.