43 ఏళ్ళకు అకౌంట్స్ ఇంటర్వ్యూ: రెజ్యూమేలో బడి సర్వీసు ఉంచాలా, తీసేయాలా?

గిరింపేట_లెక్కలు: చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. ఆ జీతంతో ఇక కుదరక కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ, జీఎస్‌టీ నేర్చుకున్నాను. గురువారం ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ అసిస్టెంటు పోస్టుకు ఇంటర్వ్యూ. కోచింగ్ సెంటరబ్బాయి "బడి సర్వీసంతా తీసేయండి సార్, వయసు కనబడుతుంది" అంటున్నాడు. ఏం చేయమంటారు? "ఇప్పుడెందుకు మారుతున్నారు" అంటే ఏం చెప్పాలి?

రేణిగుంట_హెచ్ఆర్: తీసేయండి. ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఒక్కో రెజ్యూమే మీద అర నిమిషం కూడా పెట్టేవాళ్ళం కాదు. పైనే ట్యాలీ, జీఎస్‌టీ రిటర్నులు, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు కనబడాలి. ఎందుకు మారారంటే జీతం చాలక అని ఒక్క మాట చెప్పి, నేర్చుకున్నదాంట్లోకి దిగండి. స్కూలును మాత్రం తిట్టకండి.

ఎమ్మార్‌పల్లి_అక్క: తీసేయొద్దు మాస్టారూ. యూఏఎన్, అదే పీఎఫ్ ఖాతా నంబరు, ఇచ్చారంటే ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో పీఎఫ్ రికార్డులో అంతా ఉంటుంది. తర్వాత దొరికిపోతే పరువు పోతుంది.

రేణిగుంట_హెచ్ఆర్: అబద్ధం రాయమన్నానా? రాయకపోవడం వేరు, అబద్ధం వేరు.

గిరింపేట_లెక్కలు: అక్కా, మా స్కూల్లో పీఎఫ్ కట్టలేదు. నాకు యూఏఎన్నే లేదు.

రేణిగుంట_హెచ్ఆర్: ఇంకేం, ఆ గొడవ తీరిపోయింది.

ఎమ్మార్‌పల్లి_అక్క: ఎట్లా తీరుతుంది? ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్ కట్టి తీరాలి. మీ స్కూల్లో ఎంతమంది ఉండేవాళ్ళు మాస్టారూ?

గిరింపేట_లెక్కలు: ఆయాలు, వ్యాన్ డ్రైవర్లతో కలిపి ముప్పై దాటుతారు. ఇప్పుడు అది వద్దక్కా.

ఎమ్మార్‌పల్లి_అక్క: ఎందుకు వద్దు? మీలాంటివాళ్ళు వద్దు వద్దు అనబట్టే వాళ్ళు కట్టకుండా తిరుగుతున్నారు.

పీలేరు_పిల్లోడు: ఆయన ఇంటర్వ్యూకి దారి అడిగితే మీరు పీఎఫ్ ఆఫీసు దగ్గర దించేశారు 😂

తవణంపల్లె_తోట: ఏటా గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి తోలేవాణ్ని. జూన్, జూలైలో గేటు బయట ట్రాక్టర్ల వరస చూశారు కదా. అర్ధరాత్రి కూడా కాటా చీటీలు వస్తానే ఉంటాయి. "సీజన్లో రాత్రిళ్ళు ఉంటారా" అని తప్పకుండా అడుగుతారు. ముందే ఇంట్లో మాట్లాడుకుని పోండి సార్.

ఆడిట్_గుమాస్తా: కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక కొనుగోలు బిల్లు ఎక్కించమంటారు. తాజా మామిడికాయల మీద జీఎస్‌టీ లేదు, గుజ్జు మీద ఉంది. అక్కడే చాలామంది తికమకపడతారు. నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకు అమ్మకాలు చూపే జీఎస్‌టీఆర్-1 తర్వాతి నెల 11లోపు, పన్ను కట్టే 3బీ 20లోపు. సప్లయరు బిల్లు 2బీలో, అంటే పోర్టల్లో మన కొనుగోళ్ళు చూపే పట్టీలో, కనబడకపోతే దాని మీద కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోకూడదు. ఈ నాలుగూ తడబడకుండా చెప్పండి, రెజ్యూమే సంగతి ఎవరికీ గుర్తుండదు.

గిరింపేట_లెక్కలు: థాంక్యూ సార్. 2బీ ఇంకొకసారి చూసుకుంటాను.

ఎమ్మార్‌పల్లి_అక్క: హెచ్ఆర్ గారూ, ఒక మాట. మీలాంటాయన చెబితేనే నేనూ పాత సర్వీసంతా కత్తిరించి ఒక ఇంటర్వ్యూకి పోయాను. మా వాడి ఈడు పిల్లోడు ఎదురుగా కూర్చుని "పిల్లలు సెటిలయ్యారు కదా మేడమ్, ఇప్పుడెందుకు మీకు ఉద్యోగం" అన్నాడు. కాగితం కత్తిరించాను సరే, నెరిసిన జుట్టు ఎక్కడ దాచేది?

రేణిగుంట_హెచ్ఆర్: "మీలాంటాయన" అంటే ఏందమ్మా? నేను మిమ్మల్ని ఎప్పుడైనా చూశానా? ఎవడో అన్నదానికి నా మీద పడతారేం?

ఎమ్మార్‌పల్లి_అక్క: మీరు ఆ కుర్చీలో కూర్చుని ఎంతమందిని అట్లా పంపించారో మీకే తెలియాలి.

రేణిగుంట_హెచ్ఆర్: సరే, ఉన్నమాట చెప్తా వినండి. నలభై దాటిన ఒకాయన్ని మేనేజరు వద్దంటున్నా నేనే పట్టుబట్టి తీసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ సీనియరు తప్పు చూపిస్తే "నాకు చెప్పేంతవాడివా" అనేవాడు. రోజూ తగువే. మార్చి నెలాఖరున, లెక్కలు ముగించే వేళ, లేచి వెళ్ళిపోయాడు. మాట పడింది నేను. వయసు చూసి కాదు, చిన్నవాళ్ళ మాట వింటారో లేదోనని భయపడి వద్దంటారు. పద్దెనిమిదేళ్ళు బెత్తం పట్టుకున్న మనిషంటే ఆ భయం ఇంకా ఎక్కువ.

ఎమ్మార్‌పల్లి_అక్క: ఇది మొదటే చెప్పి ఉంటే పీఎఫ్ గోలే ఉండేది కాదు. ఇంతకీ ఆ సీనియరు ఆయన్ని ఏమని పిలిచేవాడు?

రేణిగుంట_హెచ్ఆర్: పేరు పెట్టి. ఆఫీసుల్లో అందరూ అంతే.

ఎమ్మార్‌పల్లి_అక్క: అందరి ముందు పేరు పెట్టి తప్పులు చదివి ఉంటాడు. ఆ సంగతి విచారించారా? మాస్టారూ, మీరే చెప్పండి. మీ దగ్గర చదివినవాడే మీకు సీనియరుగా వస్తే ఏం చేస్తారు?

గిరింపేట_లెక్కలు: వచ్చేశాడక్కా. ఆ ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ఉన్నది నా పాత స్టూడెంటే. ఖాళీ ఉందని ఫోన్ చేసింది కూడా వాడే. ఇంటర్వ్యూలో మేనేజరు పక్కన కూర్చుంటాడట.

పీలేరు_పిల్లోడు: 😂😂😂

రేణిగుంట_హెచ్ఆర్: ఏం మాస్టారూ! బడి సర్వీసు తీసేస్తే ఆ అబ్బాయి ముందే దాచినట్టు కదా. ఇదా ఇప్పుడు చెప్పేది?

గిరింపేట_లెక్కలు: మీరిద్దరూ చెప్పనిస్తే కదా సార్. వాడి కింద చేయడానికి నాకేం నామోషీ లేదు. వాడే నన్ను చూడగానే లేచి నిలబడతాడేమోనని టెన్షన్.

ఎమ్మార్‌పల్లి_అక్క: ముందురోజే ఫోన్ చేసి లేవొద్దని చెప్పండి. మీరు కూడా నోరుజారి "ఒరే" అనకండి.

రేణిగుంట_హెచ్ఆర్: ఏదేమైనా ట్యాలీ పైన, బడి కింద. అది మారదు.

ఎమ్మార్‌పల్లి_అక్క: మళ్ళీ మొదలుపెట్టారా?