మేడ మీద ఆపిల్ మొక్కకి తెల్ల దూది, ఊళ్లో మొక్కజొన్నకి పేనుబంక, రెండూ ఒకటేనా?

మధురవాడ మేడతోట
నమస్తే అండి. మేడ మీద డ్రమ్ములో అన్నా రకం ఆపిల్ మొక్క వేశా, వైజాగ్ ఎండకి తట్టుకుంటుందని నర్సరీ అతను చెప్పాడు, కాయ సంగతి దేవుడెరుగు ఆకులైతే బానే వేసింది. ఇప్పుడు కొమ్మలు చీలే చోట తెల్లగా దూదిలా పట్టింది, చీమలు డ్రమ్ము పట్టుకుని బారులు తీరి ఎక్కేస్తున్నాయి. ఇంకోపక్క పద్మనాభం దగ్గర మా మావయ్య రబీ మొక్కజొన్నకి మొవ్వులోనూ మగపూత మీదా నీలిపచ్చ రంగు చిన్న పురుగులు గుత్తులుగా పట్టాయి, ఆకు ముట్టుకుంటే జిగట. ఈమధ్య మా మేడ మీద వంగ నారు ఊరికి పట్టుకెళ్లానండి, ఇంకేముంది "నీ కాశ్మీరు మొక్కే తెచ్చిందిరా ఈ దరిద్రం" అని ఆయన ఒకటే గోల. నిజంగా ఇక్కడి నుంచి అక్కడికి వెళ్తుందా? రెండిటికీ ఒకే మందు కొట్టేయొచ్చా?

పొలంగట్టు
మీ మావయ్యగారి అనుమానం మరీ తీసిపారేసేది కాదు గురూ. ఐరోపాలో ఆపిల్‌కీ గడ్డిజాతికీ మధ్య తిరిగే పేనుబంక ఒకటుంది, చలికాలం దాని గుడ్లు ఆపిల్ కొమ్మల మీదే ఉంటాయి, ఎండలు ముదిరేసరికి రెక్కలొచ్చి గడ్డి మీదకీ ధాన్యం పైర్ల మీదకీ పోతుంది, చలి మొదలయ్యే ముందు మళ్లీ ఆపిల్‌కి వచ్చేస్తుంది. కానీ మన మొక్కజొన్నది వేరే జాతి, రోపలోసైఫమ్ మైడిస్ అంటారు, అది మొక్కజొన్న, జొన్న, బార్లీ, గట్టు మీద గడ్డి వీటి మీదే బతుకుతుంది, ఆపిల్ జోలికి రాదు. మన వేడి ప్రాంతాల్లో దానికి గుడ్ల పనే లేదు, ఆడవే మగతోడు లేకుండా నేరుగా పిల్లల్ని పెట్టేస్తాయి, పైగా తల్లి కడుపులో ఉన్న పిల్లకే అప్పటికే కడుపులో పిల్లలు తయారవుతుంటాయి! అందుకే మొన్న నాలుగు కనపడ్డ చోట ఇవాళ మొవ్వు నిండిపోతుంది. చోటు చాలకపోతే రెక్కలవి పుట్టి పక్క పొలానికి ఎగిరిపోతాయి. మీ మొక్కకి దీంతో సంబంధం లేదని చెప్పండి.

సింహాచలం సంపెంగ
ఏటండీ అందరూ పేనుబంక అనేసుకుంటున్నారు, ఆ తెల్లది పిండినల్లి కాదా? మా పక్క మందారానికీ జామకీ ఎప్పుడూ ఉండేదే. పుల్లతో దూది పక్కకి తీసి ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. కోలగా చదునుగా ఉండి చుట్టూ మైనం అంచు ఉంటే పిండినల్లే.

కొండదారి
సంపెంగ గారు కరెక్టు. నేను సిమ్లా వైపు తోటల్లో కొన్నాళ్లు పనిచేశా. అక్కడ ఆపిల్‌కి ఇలాగే తెల్ల దూదిలా పట్టే ఉన్ని పేనుబంక, దూది తీసి చూస్తే, ఊదా గోధుమ రంగులో ఉంటుంది, కత్తిరించిన గాయాల్లో బెరడు పగుళ్లలో చేరుతుంది, పట్టిన చోట కొమ్మ బుడిపెలు కడుతుంది, వేళ్లకి కూడా పడుతుంది, అదే అసలు బాధ, పైన ఎంత కొట్టినా కింద నుంచి మళ్లీ ఎక్కి వస్తుంది. అందుకే ఎమ్‌ఎమ్ 106 లాంటి వేరుమొక్కల మీద అంటు కడతారు, వాటిని ఇంగ్లండులో నార్తర్న్ స్పై అనే ఆపిల్ రకంతో కలిపి ఈ పురుగుని తట్టుకోవడం కోసమే తయారు చేశారు. అఫెలినస్ మాలి అని ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన చిన్న కందిరీగ కూడా ఉంది, అది లోపల గుడ్డు పెడితే పేనుబంక నల్లగా బిగుసుకుపోతుంది, వీపున గుండ్రటి కన్నం కనిపిస్తుంది. ఎండ ముదిరితే ఈ ఉన్ని పేను తగ్గిపోతుంది, వైజాగ్ మేడ మీద బతకడం నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.

మధురవాడ మేడతోట
చూశానండి, చదునుగా ఉంది, చుట్టూ తెల్ల అంచు. బుడిపెలు లేవు. పిండినల్లే. మరి మొక్కజొన్నకి?

సింహాచలం సంపెంగ
పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి తోమేయండి, ముందు చీమల దారి ఆపండి, ఆ జిగురు కోసం అవే దాన్ని కాపలా కాస్తాయి.

పొలంగట్టు
మొక్కజొన్నకి తొందరపడి మందు కొట్టొద్దు. ముందు మొవ్వు విప్పి చూడమనండి, నల్లగా నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా పాకేది కనపడితే అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకని తినేది అదే. అవి బాగా ఉంటే ఆగొచ్చు. మొక్కజొన్న ఆకులు తినేసే కత్తెర పురుగు కోసమని ముందే మందు కొట్టేసిన చోట ఇవి చచ్చిపోయి పేనుబంక విరగబడుతుంది, మావయ్యగారు ఏం కొట్టారో అడగండి. మగపూత జిగురుతో అంటుకుపోయి పుప్పొడి సరిగ్గా రాలకపోతే పొత్తులో గింజ పలచబడుతుంది, నష్టం అక్కడుంది. మరీ ఎక్కువైతే లీటరుకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం కొట్టమనండి, పొద్దున పుప్పొడికి తేనెటీగలు వస్తాయి. బీచ్ రోడ్డుకి పచ్చి పొత్తులు అమ్మే పొలమైతే గట్టి మందుల జోలికి అసలు పోవద్దు.

మధురవాడ మేడతోట
కత్తెర పురుగుకి కొట్టాడట, షాపువాడు రెండు మందులు కలిపిచ్చాడట. నా మొక్కని మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నాడు 😄