పాపకి 99.5 ఉంది. సిరప్ వేయాలా, వద్దా?

సందేహి: మా పాపకి రెండేళ్లు. సాయంత్రం నుంచి 99.5 చూపిస్తోంది. ఆడుకుంటూనే ఉంది. పారాసిటమాల్ వేయమని ఇంట్లో ఒకరు, వద్దని ఇంకొకరు. 98.6 దాటితే జ్వరమే కదా?

లెక్కల మాస్టారు: కాదు. ఆ 98.6 సంగతి ముందు తేల్చాలి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుండర్లిష్ అనే డాక్టరు దాదాపు 25,000 మందిని చంకలో థర్మామీటర్ పెట్టి చూసి, 1868లో 37 సెల్సియస్ సాధారణమని రాశాడు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చింది. ఆ పాయింట్ ఆరు చూసి అదేదో గీత గీసినట్టు భయపడుతున్నాం. 1992లో అమెరికాలో ఆరోగ్యవంతుల్ని నోట్లో పెట్టి చూస్తే సగటు 98.2 వచ్చింది. పైగా పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉంటుంది. మామూలుగా 100.4 నుంచే జ్వరం అంటారు. ఇంతకీ చంకలో పెట్టారా, నోట్లోనా?

పాతకాపు: ముందు బ్యాటరీ మార్చి చూడండి.

ఇద్దరు పిల్లల తల్లి: మాస్టారూ, మీ చరిత్ర పాఠం బాగుంది. మా పెద్దవాడికి ఏడాదిన్నరప్పుడు 'ఆడుకుంటున్నాడు కదా' అని ఊరుకున్నాను. అర్ధరాత్రి 103, కళ్లు తేలేసి ఫిట్స్. సందేహి గారూ, వేసేయండి. ఒక్క మోతాదుకి ఏం పోయింది?

లెక్కల మాస్టారు: ఆ ఫిట్స్ సిరప్‌తో ఆగేవి కావమ్మా. జ్వరం మందులు వాటిని ఆపలేవని పరీక్షించి చూశారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తాయి, చాలావరకు ఐదు నిమిషాల్లోపే తగ్గిపోతాయి. మెదడుకు...

ఇద్దరు పిల్లల తల్లి: నూటికి ఎంతమందో నాకెందుకండీ? ఆ మూడు నిమిషాలు మీ చేతుల్లో పిల్లాడు కొట్టుకున్నాడా? ఒకరు వాడి నోట్లో చెంచా పెట్టబోతే నేను లాగి పారేశాను. వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాలని కూడా అప్పుడు తెలీదు.

కొత్త సభ్యుడు: మూడు నెలల లోపు పిల్లలకి 100.4 ఉంటే మాత్రం ఈ చర్చలు చదువుతూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

లెక్కల మాస్టారు: చెంచా లాగేసి మంచి పని చేశారు. కానీ మందు వేసినా ఫిట్స్ వచ్చి ఉండేవని మీ డాక్టరు చెప్పలేదా?

ఇద్దరు పిల్లల తల్లి: చెప్పారు. నాకూ తెలుసు. కానీ నాలుగేళ్లయినా మా ఇంట్లో 'నువ్వు మందు వేయలేదు' అనే మాట ఆగలేదు. ఈవిడ పాపకి రేపు ఏదైనా అయితే ఆ మాట పడేది ఈవిడే, మీ వుండర్లిష్ కాదు. అందుకే వేయమన్నాను.

లెక్కల మాస్టారు: అంటే మందు పాపకి కాదు, ఇంట్లోవాళ్ల నోళ్లకి! ఆ మాట మొదటే చెప్పాల్సింది. మోతాదు బరువును బట్టి ఉంటుంది, సీసా సీసాకీ గాఢత మారుతుంది. ఇలా ఎవరో అన్నారని మళ్లీ మళ్లీ పోస్తే లివర్ దెబ్బతింటుంది.

ఇద్దరు పిల్లల తల్లి: మళ్లీ మళ్లీ పోయమని నేనన్నానా?

పాతకాపు: బ్యాటరీ మార్చారా?

సందేహి: మార్చాను. 98.9. సిరప్ వేయలేదు. పాప నిద్రపోయింది, ఇంట్లో వాదన ఇంకా నడుస్తోంది.

లెక్కల మాస్టారు: చంకలోనా, నోట్లోనా?