బీటెక్‌లో ఎందుకు చేరారు? నిజం చెప్పండి

ప్రశ్న: తమ్ముడికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఏ బ్రాంచ్ ఇష్టంరా అంటే "సీఎస్ఈ, అందరూ అదేగా" అంటాడు. మీరెందుకు చేరారు?

జవాబు: మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గం నడిపేవారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది కాబట్టి మరుసటి ఏడాది చేరాను, లేకపోతే బీఎస్సీయే. ఇష్టం గురించి అడిగినవాళ్లే లేరు. మెకానికల్ వచ్చింది. రెండో ఏడాది లేత్ మీద షాఫ్ట్ తిప్పాక, మగ్గంలో గేర్లు ఎందుకు అరుగుతాయో నాన్నకు నేనే చెప్పాను. ఇష్టం అప్పుడు పుట్టింది!

జవాబు: మా ఇంట్లో ఒకటే కారణం, డాలస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకు. బ్రాంచ్ కూడా ఆయనే ఫోన్‌లో చెప్పాడు.

జవాబు: ముందు వాడితో వారం రోజులు పైథాన్ (కంప్యూటర్ భాష) కోడ్ రాయించండి. విసుగొస్తే ఈసీఈ, సివిల్ కూడా చూడండి.

ప్రశ్న వేసినవారు: సిరిసిల్ల అన్నా, వాడికి బైక్ విప్పడం పిచ్చి. మెకానికల్ పెట్టమంటారా?