యూ-1206ను ముంచింది ఎవరు? కెప్టెనా, టాయిలెట్టా?

కెరటం_కిరణ్:
"కెప్టెన్ ఫ్లష్ కొట్టి సబ్‌మెరైన్ ముంచాడు" అనే మీమ్ మళ్లీ తిరుగుతోంది కాబట్టి ఈ థ్రెడ్. యూ-1206 రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్, అంటే యూ-బోటు. టైప్ 7సీ రకం, డాన్‌జిగ్‌లో (ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్) కట్టింది. కెప్టెన్ కార్ల్-అడాల్ఫ్ ష్లిట్. 1945 ఏప్రిల్ 14న స్కాట్లండ్‌లోని పీటర్‌హెడ్ దగ్గర, దాదాపు 60 మీటర్ల లోతున ఉండగా టాయిలెట్ వాల్వు తేడాగా తిప్పారు. సముద్రం లోపలికి తన్నుకొచ్చింది. కింద బ్యాటరీలు. ఉప్పునీళ్లు తగిలి క్లోరిన్ గ్యాస్ లేచింది. పైకి తేలక తప్పలేదు, తేలగానే విమాన దాడి. చివరికి బోటును వాళ్లే ముంచేసుకున్నారు. నలుగురు పోయారు, 46 మంది బతికి ఖైదీలయ్యారు. నా లెక్కలో తప్పు ష్లిట్‌దే. తెలియని దాంట్లో వేలు పెట్టాడు.

బాయిలర్_బాబాయ్:
కిరణ్ గారూ, ష్లిట్ చెప్పింది వేరు. అప్పుడు తాను ఇంజిన్ గదిలో డీజిల్ రిపేరు దగ్గర ఉన్నానన్నాడు. ముందు భాగంలో టాయిలెట్ బాగుచేస్తుంటే లీకు మొదలైందట. మరి ఫ్లష్ కొట్టిందెవరు?

కెరటం_కిరణ్:
పరువు పోయే విషయంలో ఆయన మాటే సాక్ష్యమా?

వైజాగ్_వాసు:
బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి వెళ్లొచ్చాను. ఆ వాల్వు చక్రాలు చూస్తేనే కళ్లు తిరిగాయి. అందులో టాయిలెట్‌కి ఎలా వెళ్లేవాళ్లో!

బాయిలర్_బాబాయ్:
వాసూ, అసలు సంగతి అదే. 60 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకి 6 కిలోల ఒత్తిడి బయటి నుంచి నెడుతుంది. మురుగుని దానికి ఎదురు నెట్టాలి. పాత బోట్లలో లోతుకి దిగాక టాయిలెట్ వాడకూడదు, అంతే. యుద్ధం చివర్లో విమానాల భయానికి ఎప్పుడూ నీళ్లకిందే ఉండాల్సి వచ్చి ఈ హై ప్రెషర్ ఏర్పాటు పెట్టారు. చోటు లేదని మురుగుకి ట్యాంకు పెట్టలేదు, నేరుగా సముద్రంలోకే. ఒక వాల్వు మూశాకే ఇంకోటి తెరవాలి. వరస తప్పితే సముద్రం మన ఒళ్లో ఉంటుంది. పైగా ఆ గది బ్యాటరీల పైన! అలా గీసినవాడిని అడిగేవాడు లేడు.

కెరటం_కిరణ్:
అందుకే కదా ట్రైనింగ్ ఇచ్చారు!

తాబేలు77:
రెండు టాయిలెట్లలో ఒకటి ప్రయాణం మొదట్లో తిండి సామాన్లతో నింపేసేవారట. యాభై మందికి ఒకటి. మా హాస్టలే నయం 😂

బాయిలర్_బాబాయ్:
ట్రైనింగ్ గురించి నాకు చెప్పకండి. నేను చేసిన ఫ్యాక్టరీలో రెండు వాల్వులు ఒకే సైజు, ఒకే రంగు, జానెడు దూరం. నైట్ షిఫ్టులో ఒకటి తిప్పబోయి ఇంకోటి తిప్పా. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాసి రెండు ఇంక్రిమెంట్లు కోశారు. పై వారం వెళ్లేసరికి దానికి ఎర్ర రంగు కొట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు, వేలికి అంటుకుంది.

కెరటం_కిరణ్:
మీ ఇంక్రిమెంటుకీ యూ-బోటుకీ ఏం సంబంధం బాబాయ్? ప్రతి థ్రెడ్లో ఇదే కథ!

బాయిలర్_బాబాయ్:
సంబంధం ఉంది కాబట్టే చెప్పా. కుర్చీలో కూర్చుని తీర్పులు చెప్పడం ఈజీ.

తాబేలు77:
అన్నలూ కూల్. 1970ల్లో చమురు పైపులైను సర్వేలో ఆ బోటు దొరికింది, 70 మీటర్ల లోతున. వాల్వు ఎటు తిరిగుందో దిగి చూసి రండి.

కెరటం_కిరణ్:
కుర్చీలో కాదండీ. మా అన్నయ్య ఎక్కిన బస్సు బోల్తా పడితే అందరూ "బ్రేకులు ఫెయిల్" అన్నారు. డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నాడని ముందు సీటాయన నాతో చెప్పాడు. కాగితం మీద మాత్రం బ్రేకులే. నేరం యంత్రం మీదికి తోస్తే ఇక మనిషి దొరకడు. అందుకే ఈ "డిజైన్ లోపం" మాట వింటే నాకు మండుతుంది.

బాయిలర్_బాబాయ్:
మీకు మనిషి దొరకలేదు. నా విషయంలో దొరికిన మనిషిని నేనే.
అన్నయ్యకి ఇప్పుడెలా ఉంది?

కెరటం_కిరణ్:
కుడికాలు కాస్త ఈడుస్తాడు. పనికి వెళ్తున్నాడు.
కానీ ష్లిట్ ఇంజిన్ గదిలో ఉన్నాడంటే మాత్రం నేను నమ్మను.

బాయిలర్_బాబాయ్:
నమ్మకండి. రేపు డ్యూటీ నుంచి వచ్చాక మళ్లీ మొదలెడదాం.