మేడ మీది కొత్త గదులకు సబ్ డీబీ: ఎర్తింగ్ ఎలా ఇవ్వాలి?

నమస్తే అండీ. బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి మేడ మీద రెండు గదులు, ఒక బాత్రూమ్ కడుతున్నాం. ఏసీ, గీజర్ వస్తాయి కాబట్టి కింది మెయిన్ డీబీ (కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి పైకి సబ్ డీబీ ఇస్తున్నాం. సింగిల్ ఫేజే. 40 ఆంప్స్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్), 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అనుకున్నాం. లోడ్ పెంచమని ఇక్కడి కరెంటు సంస్థ బెస్కామ్‌కి అర్జీ కూడా పెడుతున్నాం.

నా టెన్షనంతా ఎర్తింగ్ గురించే. ఫేజ్, న్యూట్రల్ రెండే పైకి లాగి, కొత్త డీబీలో న్యూట్రల్ బార్‌నీ ఎర్త్ బార్‌నీ కలిపేస్తే చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్. నాకు మనసొప్పడం లేదు. మధ్యలో న్యూట్రల్ తెగితే గీజర్ బాడీకే కరెంటు వస్తుంది కదా? పైగా లీకేజీ కరెంటు కూడా న్యూట్రల్ గుండానే తిరిగి వెళ్తుంది కాబట్టి, కింద ఉన్న 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే స్విచ్) దాన్ని పసిగట్టదు. ఆ బాత్రూమ్ వాడేది మా అమ్మ, పిల్లలు.

మెయిన్ డీబీ ఎర్త్ బార్ నుంచి విడిగా ఆకుపచ్చ ఎర్త్ వైరు లాగితే సరిపోతుందా? కొత్త ఎర్త్ పిట్ (ఎర్తింగ్ గుంత) కూడా తవ్వించాలా? తవ్విస్తే పాతదానితో కలపాలా, విడిగా ఉంచాలా? పైన ఇంకో ఆర్‌సీసీబీ పెడితే రెండూ ఒకేసారి ట్రిప్ అవకుండా ఏం చేయాలి? ఈ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. గోడలకు ప్లాస్టరింగ్ ఇంకా మొదలవలేదు, ఇప్పుడైతే పైపులు మార్చుకోవచ్చు.