పన్ను ఇలా ఉన్నప్పుడు క్రిప్టోలో స్టాప్‌లాస్‌కు అర్థముందా?

నిదానస్తుడు
క్రిప్టో పాఠాలు చెప్పే వారందరిదీ ఒకే పాట. భయాన్నీ ఆశనూ అదుపులో పెట్టుకో, ప్రతి ట్రేడుకూ స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే దానంతటదే అమ్మేయాలన్న ఆదేశం) పెట్టు, ఒక్కదానిలో మూలధనంలో ఒక శాతానికి మించి పోగొట్టుకోకు. మన చట్టం కింద ఈ సలహా నిలవదని నా వాదన. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒక ట్రేడులో వచ్చిన నష్టాన్ని మరో ట్రేడు లాభంతో సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు. వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికీ వీల్లేదు. పది ట్రేడులు చేశాననుకోండి. ఆరింటిలో స్టాప్‌లాస్ తగిలి వెయ్యేసి రూపాయలు పోయాయి, నాలుగింటిలో రెండేసి వేలు వచ్చాయి. మిగలాల్సింది 2,000. పన్ను మాత్రం 8,000 మీద, సెస్సుతో కలిపి 2,496. నియమాలన్నీ పాటించిన మనిషికి 496 రూపాయల నష్టం! అందుకే నేను స్టాప్‌లాస్ పెట్టను. పడితే లేచేదాకా ఆగుతాను. ఇందులో తప్పేమిటి?

మధ్యాహ్నం చార్టు
లెక్క సరైనదే, ముగింపే తప్పు. లేవకపోతే? 2021 నవంబరులో 69,000 డాలర్ల దగ్గర బిట్‌కాయిన్ కొన్నవారు ఏడాది తర్వాత 16,000 చూశారు, 2024 మార్చిలో గాని బయటపడలేదు. అయినా వారు అదృష్టవంతులే. 2022 ఏప్రిల్‌లో లూనా అనే నాణెం 119 డాలర్ల దాకా వెళ్లింది. మే నెల మధ్యకు ఒక్క సెంటు కూడా పలకలేదు. దాన్ని పట్టుకుని కూర్చున్నవారు ఎన్నాళ్లు ఆగాలంటారు?

తులసికోట
ఇద్దరూ మనసు సంగతి వదిలేశారు. స్టాప్‌లాస్ పెట్టినవారే ధర దగ్గరికి రాగానే దాన్ని ఇంకాస్త కిందికి జరుపుతారు. అది తగిలాక, పోయిన డబ్బు ఆ రాత్రే రాబట్టాలని రెట్టింపు సొమ్ముతో దిగుతారు. అసలు నష్టం అక్కడే. ట్రేడు డైరీ రాయండి, రెండుసార్లు వరుసగా పోతే ఆ రోజుకు యాప్ మూసేయండి.

కొలబద్ద
తులసికోట గారూ, డైరీ మంచిదే. కానీ మనసు అదుపు గురించి ఇంతగా మాట్లాడటం నాకు నచ్చదు, ఎందుకంటే పొజిషన్ పరిమాణం, అంటే ఒక్కో ట్రేడులో ఎంత సొమ్ము పెట్టాలన్నదాని గురించి మాట్లాడకుండా తప్పించుకోవడానికి అదొక మర్యాదైన దారి.

2025 అక్టోబరు 10 గుర్తు చేసుకోండి. చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకమని ట్రంప్ ప్రకటించేసరికి మనకు శనివారం తెల్లవారుజామున రెండున్నర. బిట్‌కాయిన్ లక్షా ఇరవై వేల డాలర్ల పైనుంచి లక్షా ఐదు వేల దరిదాపులకు జారింది. పలు చిన్న నాణేలు నిమిషాల్లో సగానికి పైగా పడ్డాయి. ఒక్క రోజులో దాదాపు 1,900 కోట్ల డాలర్ల లీవరేజి (అప్పు సొమ్ముతో పెంచుకున్న) పొజిషన్లు బలవంతంగా మూతపడ్డాయి. కొనేవారే లేనప్పుడు స్టాప్‌లాస్ మీరు రాసిన ధర దగ్గర కాదు, ఎవరో కొనే ధర దగ్గర అమలవుతుంది. ఇంకో విడ్డూరం కూడా జరిగింది: కొన్ని ఎక్స్ఛేంజీలు తమ లోటు పూడ్చుకోవడానికి, ధర పడుతుందని సరిగ్గా ఊహించి లాభంలో ఉన్నవారి పొజిషన్లను కూడా మూసేశాయి. నిద్రలో ఉన్నవారికి ఏ నిగ్రహం పనికొస్తుంది?

పనికొచ్చేది పగలు వేసుకున్న లెక్క. రెండు లక్షల మూలధనం, భరించగల నష్టం 2,000, స్టాప్‌లాస్ ఐదు శాతం దూరం: అంటే 40,000కు మించి కొనకూడదు. ఆ రాత్రి స్టాప్ మూడింతల దూరంలో అమలైనా పోయేది 6,000. అదే మొత్తం డబ్బుకు పదింతల లీవరేజి తీసుకుంటే, పది శాతం పడేలోపే ఖాతా ఖాళీ.

నిదానస్తుడు గారికి: పన్ను వల్ల మారేది స్టాప్‌లాస్ కాదు, ఎంచుకోవాల్సిన ట్రేడు. రిస్కుకు రెండింతలు లాభమిచ్చే ట్రేడులో నష్టం రాకుండా ఉండాలంటే పన్నుకు ముందు 33 శాతం సార్లు గెలిస్తే చాలు, పన్నుతో 42 శాతం కావాలి. నాలుగింతలు ఇచ్చేదానిలో 20 శాతం కాస్తా 27 అవుతుంది. తక్కువ ట్రేడులు, పెద్ద లక్ష్యాలు.

నిదానస్తుడు
నాలుగింతలు ఇచ్చే ట్రేడు 27 శాతం సార్లు గెలుస్తుందని ఎవరు హామీ ఇస్తారు? లూనా మాట ఒప్పుకుంటాను. చిన్న నాణేలకు స్టాప్‌లాస్ పెడతాను, బిట్‌కాయిన్‌కు పెట్టను.

కొలబద్ద
హామీ ఎవరూ ఇవ్వరు. మీ పాత ట్రేడులు చూసుకోండి. ఆ శాతం కనబడకపోతే ట్రేడింగ్ వద్దు, లీవరేజి లేకుండా కొని దాచుకోండి. దానికి స్టాప్‌లాస్ లేకపోయినా నాకు అభ్యంతరం లేదు.

మధ్యాహ్నం చార్టు
టీడీఎస్ ఊసు ఎవరూ ఎత్తలేదే? 40,000 పొజిషన్ అమ్మిన ప్రతిసారీ ఒక శాతం, అంటే 400 రూపాయలు ముందే కోసేస్తారు. ఇరవైసార్లు అమ్మితే సుమారు 8,000. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ అప్పటిదాకా మీ రెండు లక్షలు 1,92,000 మాత్రమే. ఒక శాతం రిస్కు లెక్క దాని మీద వేసుకోవాలి.